రేకులు కట్టకముందు లెక్క: పార్కుల వల్ల ఊరికి ఏమొచ్చిందో కొలవడం ఎందుకంత చిక్కు

మా వీధికి దగ్గరలో కొత్త పార్కు తెరిచిన నెలకు, గేటు పక్కన టీ బంకు దగ్గర ఒక పెద్దాయన అడిగాడు. "ఇన్ని కోట్లు పోసినారు కదా నాయనా, ఊరికి ఏమొచ్చింది?" నేను పెద్దగా ఆలోచించకుండా "నడవడానికి చోటొచ్చింది కదా పెద్దాయనా" అన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నిన్నటిదాకా యూనివర్సిటీ గ్రౌండులో నడస్తా ఉంటిమి. ఇప్పుడు ఈడ నడస్తా ఉండాము. నడక అదే. చోటు మారింది, అంతే."

నా దగ్గర జవాబు లేదు. పబ్లిక్ స్థలాల మీద పెట్టిన డబ్బుకు ఫలితమెంత అని లెక్కలేసేవాళ్ళను ఎప్పుడూ వెంటాడే ప్రశ్నను ఆయన టీ తాగుతూ అడిగేశాడు. తిరుపతిలో ఇది ఇప్పుడు మామూలుకన్నా ఎక్కువగా వినబడుతోంది. 2015 జూన్‌లో మొదలైన స్మార్ట్ సిటీస్ మిషన్‌లోకి మన ఊరు 2016 సెప్టెంబరులో చేరింది. మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. ఒక్కో నగరానికి కేంద్రం ఐదేళ్ళలో సుమారు 500 కోట్లు ఇస్తుంది, దాదాపు అంతే రాష్ట్రమూ స్థానిక సంస్థా కలిపి వేసుకోవాలి అన్నది పథకం లెక్క. దేశమంతటా ఆ డబ్బులో కొంత పార్కులకు, చెరువు గట్లకు, ఫుట్‌పాత్‌లకు వెళ్ళింది. ఎంత ఖర్చయిందో కాగితాల్లో దొరుకుతుంది. దానివల్ల ఏమొచ్చిందన్నది అంత సులువుగా దొరకదు.

అలాగని దాన్ని కొలిచే పద్ధతులు లేవనుకోవద్దు, చాలానే ఉన్నాయి. ఒకే పార్కును రెండు పద్ధతుల్లో కొలిస్తే రెండు జవాబులు వస్తాయి. అలా ఎందుకొస్తాయో చూద్దాం.

పబ్లిక్ స్థలం అంటే పార్కు ఒక్కటేనా

డబ్బు కట్టకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరైనా వచ్చి కాసేపు ఉండగలిగిన చోటు పబ్లిక్ స్థలం. ఈ నిర్వచనంలోకి పార్కుతోపాటు ఫుట్‌పాత్, సంత, చెరువు గట్టు, బస్టాండు ముందు అరుగు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధులు అన్నీ వస్తాయి. మే నెలలో గంగమ్మ జాతర జరిగే ఆ వారం రోజులు తాతయ్యగుంట చుట్టుపక్కల వీధులు మామూలు వీధులు కావు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వేసుకున్నవాళ్ళు, చీర కట్టుకుని పూలు పెట్టుకున్న మగవాళ్ళు ఆ దారుల్లోనే గుడికి నడుస్తారు. ఊరికి అంతకన్నా పెద్ద పబ్లిక్ స్థలం ఉందా? కానీ దానికి డీపీఆర్ (పనికి ముందు వేసే సమగ్ర ప్రాజెక్టు నివేదిక) లేదు, శిలాఫలకం లేదు కాబట్టి ఏ లెక్కలోకీ రాదు.

మరోవైపు, లెక్కలోకి వస్తాయనిపించి రానివి ఉన్నాయి. తిరుపతిలో ఎటు తల తిప్పినా శేషాచలం కొండలు పచ్చగా కనబడతాయి. ఆ అడవిని కలిపేసుకుంటే తలసరి పచ్చదనంలో మనల్ని మించిన ఊరు ఉండదు. కానీ టిఫిన్ తిని, చంటిపిల్లను ఎత్తుకుని, అలా అడవిలోకి షికారుకు వెళ్ళలేం కదా. 5,500 ఎకరాలకు పైబడిన జూపార్కుకు టికెట్ ఉంది. యూనివర్సిటీ గ్రౌండు విశ్వవిద్యాలయానిది. వాళ్ళు రానిచ్చినన్ని రోజులే అది ఊరిది.

2014లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఇచ్చిన ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగర జనాభా 2.87 లక్షలు. సులువుగా 3 లక్షలనుకుంటే, తలకు 10 చొప్పున 30 లక్షల చదరపు మీటర్లు, అంటే 300 హెక్టార్లు కావాలి. మరి కొండ మీద దర్శనం చేసుకునే రోజుకు అరవై డెబ్బై వేలమంది సంగతి? వాళ్ళలో చాలామంది వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో ఈ ఊరి ఫుట్‌పాత్ మీద నడుస్తారు, బస్టాండు అరుగు మీద కూర్చుంటారు, కొందరు అక్కడే పడుకుంటారు. వాళ్ళను కింద హారంలో వేసుకుంటే తలసరి అంకె పడిపోతుంది. వేసుకోకపోతే అంకె బాగుంటుంది గానీ ఊరు అలా ఉండదు. లాభం దాకా పోకముందే, 'మనిషికి ఎంత' అన్న మాటలో మనిషి ఎవరన్న దగ్గరే మొదటి చిక్కు వచ్చిపడింది.

ఖర్చు వేరు, పని వేరు, ఫలితం వేరు

సమీక్షా సమావేశాల్లో ఎక్కువగా వినబడే మాటలు రెండు: 'ఫిజికల్ ప్రోగ్రెస్', 'ఫైనాన్షియల్ ప్రోగ్రెస్'. ఎంత పని అయింది, ఎంత బిల్లు అయింది. ట్రాక్ 600 మీటర్లు పూర్తి, బెంచీలు 40, ఓపెన్ జిమ్ పరికరాలు 12, యూసీ (డబ్బు ఖర్చు పెట్టామన్న ధ్రువపత్రం) పంపేశాం. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ ఇవి ఊరికి వచ్చినవి కావు, ఊరు పెట్టినవి.

ఫలితం ఆ తర్వాత మొదలవుతుంది. ఆ 40 బెంచీల మీద ఎవరైనా కూర్చుంటున్నారా? ఏప్రిల్ మధ్యాహ్నం రెండింటికి మన ఎండలో నీడ లేని గ్రానైట్ బెంచీ మీద ఎవరు కూర్చుంటారు! ప్రభావం ఇంకా దూరంలో ఉంటుంది. రోజూ నడవడం వల్ల ఒకామెకు షుగర్ అదుపులోకి వచ్చింది, ఇంట్లో ముడుచుకున్న పెద్దాయనకు నలుగురు స్నేహితులు దొరికారు, ఒక కుటుంబానికి సాయంత్రపు బేరం పెరిగింది. ఒక్కో మెట్టు దిగేకొద్దీ కొలవడం కష్టమవుతుంది, 'ఇది పార్కు వల్లే' అని చెప్పడం అంతకన్నా కష్టమవుతుంది. అందుకే లెక్కలన్నీ పై మెట్టు మీదే ఆగిపోతాయి. బెంచీలను లెక్కబెట్టడం తేలిక, అవి కదలవు.

నోటుబుక్కు పట్టుకుని గేటు దగ్గర కూర్చుంటే

అన్నిటికన్నా చవకైన పద్ధతి మనుషుల్ని లెక్కపెట్టడం. 1970లలో న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన నగర కూడళ్ళలో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎండ పడితే ఎటు జరుగుతున్నారు అని గంటల తరబడి చూశాడు. తేలింది చాలా మామూలు విషయం: కూర్చోవడానికి చోటు ఎక్కడుంటే జనం అక్కడ కూర్చుంటారు. దానితోపాటు ఇంకో మాట కూడా అన్నాడు. ఒక చోట ఆడవాళ్ళ వాటా ఎక్కువగా ఉంటే, ఆ చోటు బాగా నడుస్తోందని గుర్తు. ఏ మూల భద్రంగా ఉంది, ఏది లేదు అన్నది వాళ్ళు ముందుగా పసిగడతారు. కోపెన్‌హాగన్‌లో 1962లో ప్రధాన వీధిని నడిచేవాళ్ళకే వదిలేశాక, యాన్ గెల్ అనే వాస్తుశిల్పి ఏళ్ళ తరబడి ఇదే పని చేశాడు. నడిచేవాళ్ళను, నిలబడేవాళ్ళను, కూర్చునేవాళ్ళను విడివిడిగా లెక్కపెట్టాడు.

నేనూ ఒకసారి ప్రయత్నించాను. ఒక శుక్రవారం సాయంత్రం ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా మా పార్కు గేటు ఎదురుగా కూర్చుని, రూళ్ళ పుస్తకంలో నాలుగు గళ్ళు గీసుకున్నాను: మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. లోపలికి వెళ్ళే ఒక్కొక్కరికీ ఒక గీత. మొదటి గంటలో ఆడవాళ్ళ గడి అన్నిటికన్నా వేగంగా నిండింది. స్కూలు బ్యాగుతోనే పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు, నైటీ మీద చున్నీ వేసుకుని చెప్పుల్లేకుండా నడిచే ఇద్దరు అక్కచెల్లెళ్ళు, చేతిలో జపమాలతో ఒక మామ్మ. ఆరూముప్పావుకు వెనకవైపు ట్రాక్ మీద రెండు లైట్లు వెలగలేదు. ఏడు దాటాక ఆ గడిలో కొత్త గీత పడలేదు. మగవాళ్ళ గడి మాత్రం ఎనిమిది దాకా నిండుతూనే ఉంది.

మొత్తం గీతలు కూడి 'ఇంతమంది వచ్చారు' అని రాసేస్తే ఆ రెండు లైట్ల సంగతి ఎక్కడా కనబడదు. సగటు అంకెలు ఇలాంటివాటినే మింగేస్తాయి. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11.7 అన్నది, పబ్లిక్ స్థలాలు ముఖ్యంగా ఆడవాళ్ళకు, పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు అందాలంటుంది. దాని కింద కొలమానాలు రెండు. నగరంలో అందరికీ తెరిచి ఉన్న స్థలం వాటా ఎంత అన్నది ఒకటి. గడచిన 12 నెలల్లో వేధింపులకు గురైనవాళ్ళు ఎంతమంది అన్నది రెండోది. మొదటిది మ్యాపు చూసి చెప్పొచ్చు. రెండోది చెప్పాలంటే మనుషుల్ని అడగాలి.

టికెట్ లేనిదానికి ధర కట్టడం

ఫ్లైఓవర్ కట్టేవాళ్ళు ఆదా అయిన డీజిలూ, మిగిలిన నిమిషాలూ చూపిస్తారు. పార్కు తరఫున అలా చూపించడానికి ఏముంది? ఈ లోటు పూడ్చడానికి అర్థశాస్త్రజ్ఞులు మూడు దారులు వెతికారు.

మొదటిది, అక్కడికి రావడానికి మనిషి ఏం వదులుకున్నాడో చూడటం. 1947లో అమెరికా జాతీయ పార్కుల శాఖ తమ పార్కుల విలువ ఎలా కట్టాలని అడిగితే, హెరాల్డ్ హోటలింగ్ అనే అర్థశాస్త్రజ్ఞుడు ఉత్తరంలో ఒక ఉపాయం రాశాడు. పార్కు చుట్టూ వలయాలు గీయండి, ఏ వలయం నుంచి ఎంతమంది వస్తున్నారో, రావడానికి ఎంత ఖర్చవుతోందో చూడండి, ఆ ఖర్చే వాళ్ళ దృష్టిలో టికెట్ ధర. కొర్లగుంట నుంచి ఒకాయన ఆటోకు 20 రూపాయలిచ్చి, పావుగంట ప్రయాణం చేసి ఈ పార్కుకు వస్తున్నాడంటే, దాని విలువ ఆయనకు కనీసం ఆ 20 రూపాయలు, ఆ పావుగంట. పక్కింట్లో ఉండి నడిచొచ్చే ఆయనకు ఖర్చు సున్నా, అయినా విలువ అంతే ఉండొచ్చు. ఆయనకు మిగిలిన ఆ తేడానే లాభమంటారు. తిరుపతిలో ఇది కొంచెం తిరకాసు. కపిలతీర్థానికి వచ్చిన యాత్రికుడు పక్కనున్న పార్కులో పది నిమిషాలు కూర్చుంటే, ఆయన చెన్నై నుంచి పెట్టుకున్న రైలు ఛార్జీ పార్కు ఖాతాలో వేద్దామా? దేవుడి ఖాతాలో వేద్దామా?

రెండోది, ఇళ్ళ అద్దెలు చూడటం. అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు పోర్షన్లలో పార్కు ఎదురుగా ఉన్నది నెలకు 9,000, రెండు వీధుల అవతలది 8,000 అనుకోండి. ఆ 1,000 రూపాయలు పార్కు ధర. వినడానికి బాగుంది గానీ, అన్ని విధాలా ఒకేలా ఉన్న రెండు ఇళ్ళు మన ఊళ్ళో ఎక్కడ దొరుకుతాయి? ఒకటి తూర్పు ముఖం, ఇంకోటి దక్షిణం. వాస్తు పేరుతో పోయే డబ్బు పార్కు పేరుతో పోయేదానికన్నా ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు. పైగా పార్కు వచ్చిన ఏడాదే ఆ వీధికి రోడ్డు, డ్రైనేజీ కూడా పడి ఉంటాయి. అన్నిటినీ విడదీసి చూడాలంటే వందల ఇళ్ళ వివరాలు కావాలి.

మూడోది, నేరుగా అడగడం: "ఈ పార్కు ఉండటానికి నెలకు ఎంత ఇస్తారు?" పదిమందిని అడిగితే ఆరుగురు ఏమీ ఇవ్వమన్నారు, ముగ్గురు 50 రూపాయలన్నారు, ఒకాయన ఉత్సాహంగా 2,000 అన్నాడనుకుందాం. సగటు 215 రూపాయలు. మధ్యలో ఉన్న మనిషి ఇచ్చేది సున్నా. రెండూ సరైన లెక్కలే. ఏది రాయాలనేది రాసేవాళ్ళ ఇష్టం, అసలు ప్రమాదం ఈ ఇష్టంలోనే ఉంది. పైగా సున్నా అన్న ఆరుగురికీ పార్కు వద్దని కాదు. "ఇంటి పన్ను కడతా ఉండాము కదా, మళ్ళీ దీనికేంది?" అన్నది వాళ్ళ మాట. దాన్ని నిరసన జవాబంటారు, విడిగా తీసి పెట్టాలంటారు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు కారిపోయాక, ఇలా అడిగి విలువ కట్టడం చెల్లుతుందా అని పెద్ద చర్చ జరిగింది. నోబెల్ గ్రహీతలు కెనెత్ ఆరో, రాబర్ట్ సోలో నడిపిన కమిటీ 1993లో ఒక మధ్యేమార్గం చెప్పింది. జాగ్రత్తలు తీసుకుంటే చెల్లుతుంది, అయితే 'ఎంత ఇస్తారు' అని కాకుండా 'ఇంత పన్ను పడుతుంది, సరేనా, కాదా' అని ఓటు అడిగినట్టు అడగమంది.

ఒక చెరువు గట్టు, రెండు జవాబులు

ఇప్పుడు టీ బంకు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. ఒక చెరువు గట్టును ఊహించుకోండి. అంకెలన్నీ ఉదాహరణకు నేను వేసుకున్నవే. కట్టడానికి 3 కోట్లు, ఏటా వాచ్‌మన్, కరెంటు, మొక్కలు, మరమ్మతులకు 30 లక్షలు. మామూలు రోజుల్లో 800 మంది, శని ఆదివారాల్లో 1,500 మంది వస్తారు. ఏడాదికి 261 మామూలు రోజులు, 104 సెలవు రోజులు. 2,08,800, 1,56,000 కలిపి 3,64,800 రాకలు. ఇవి రాకలే గానీ మనుషులు కాదు. దాదాపు రోజూ వచ్చే ఒక్కాయన ఇందులో 300 సార్లు ఉంటాడు. '3.6 లక్షలమంది ప్రజలకు మేలు' అని ఎక్కడైనా చదివితే అది ఈ రకం అంకె అని అనుమానించొచ్చు.

ఒక్కో రాక విలువ 15 రూపాయలనుకుందాం. మొత్తం 54.72 లక్షలు. నిర్వహణ తీసేస్తే ఏటా 24.72 లక్షలు మిగులు. పెట్టిన 3 కోట్లు పన్నెండేళ్ళలో తిరిగొచ్చినట్టు. భేషుగ్గా ఉంది.

ఇప్పుడు పెద్దాయన మాట కలుపుదాం. వచ్చేవాళ్ళలో 60 శాతం మంది ఇంతకుముందు ఇంకోచోట నడిచేవాళ్ళే. వాళ్ళకు కొత్త చోటు ఇంటికి కొంచెం దగ్గర, కొంచెం శుభ్రం. ఆ మెరుగుదలకు 5 రూపాయలు వేద్దాం. 2,18,880 రాకలకు 10.94 లక్షలు. మిగతా 40 శాతానికి పూర్తి 15 చొప్పున 21.89 లక్షలు. మొత్తం 32.83 లక్షలు. నిర్వహణ పోను మిగిలేది 2.83 లక్షలు. 3 కోట్లు తిరిగి రావడానికి నూట ఆరేళ్ళు!

గట్టు మారలేదు, మనుషులు మారలేదు. 'లేకపోతే ఏం జరిగి ఉండేది' అన్న ఒక్క ఊహ మారింది, పన్నెండేళ్ళు కాస్తా నూరేళ్ళు దాటాయి.

గేటు దగ్గర బొరుగుల బండి విషయంలోనూ ఇదే జరుగుతుంది. పాత కూడలిలో రోజుకు 600 మిగిలే బండికి పార్కు గేటు దగ్గర 900 మిగులుతున్నాయనుకుంటే, 300 లాభం అని రాసుకుంటాం. ఆ పాత కూడలిలో గిరాకీ పలచబడి పక్కనున్న చెనక్కాయల బండికి 200 తగ్గితే? బండివాడికి 300, ఊరికి 100. చెన్నై నుంచి వచ్చిన కుటుంబం ఒక సాయంత్రం ఎక్కువ ఉండి మన దగ్గర 500 ఖర్చు పెడితే అది తిరుపతికి కొత్త డబ్బే. దేశం లెక్కలో మాత్రం చెన్నై టీ నగర్‌లో ఖర్చయ్యేది ఇక్కడ ఖర్చయింది, అంతే. గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి లాభం పుడుతుంది, మాయమవుతుంది.

ఇంకో సంగతి చెట్లది. 20 ఏళ్ళ తర్వాత వచ్చే 100 రూపాయల మేలు ఈ రోజు ఎంతకు సమానం? ఏటా 8 శాతం తరుగు రేటు (రేపటి రూపాయిని ఈనాటి విలువకు దించే రేటు) పట్టుకుంటే 21 రూపాయల 50 పైసలు. 4 శాతమైతే 45 రూపాయల 60 పైసలు. పార్కు తెరిచిన రోజు నుంచే కనబడే ఫౌంటెన్‌కు, ఇరవై ఏళ్ళకు గొడుగు పట్టే వేపచెట్టుకు మధ్య పోటీ పెడితే, తరుగు రేటు పెరిగేకొద్దీ ఫౌంటెన్ గెలుస్తుంది. మన పార్కుల్లో నీడకన్నా టైల్సు ఎక్కువ ఎందుకున్నాయో దీనితోనే చెప్పలేం గానీ, లెక్క కూడా ఆ పక్కకే మొగ్గుతుంది.

అద్దె పెరిగితే అది లాభమా, నష్టమా

న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకరైన ఓమ్‌స్టెడ్, ఆ ఖర్చును సమర్థించుకోవడానికి 1856 నుంచి 1873 దాకా చుట్టుపక్కల వార్డుల ఆస్తి విలువలు ఎలా పెరిగాయో పట్టిక వేసి చూపించాడు. విలువ పెరిగింది, పన్ను పెరిగింది, పార్కు తన ఖర్చు తానే తెచ్చుకుంటోంది అన్నది వాదన. ఇప్పటికీ పార్కులకు నిధులడిగే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉండే అస్త్రం ఇదే. మన రాష్ట్రంలో 2021 నుంచి ఇంటి పన్నును ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తున్నారు కాబట్టి, రిజిస్ట్రేషన్ విలువ పెంచినప్పుడు కార్పొరేషన్‌కూ కొంత అందుతుంది.

అదే న్యూయార్క్‌లో ఇంకో కథ. పాత రైలు వంతెన మీద 2009లో తెరిచిన హైలైన్ పార్కు చుట్టూ ఖరీదైన భవనాలు లేచాయి. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ హామండ్ 2017లో, చుట్టుపక్కల జనం కోసమే చేద్దామనుకున్నాం గానీ అందులో విఫలమయ్యామని ఒప్పుకున్నాడు.

పార్కు ఎదురింటి ఓనరుకు 1,000 పెరగడం లాభం. అదే ఇంట్లో పదేళ్ళుగా ఉంటున్న టైలరుకు అది ఇంకో పేటకు మారాల్సిన కారణం. పట్టికలో ఇద్దరికీ ఒకే గడి, ఒకే కూడిక గుర్తు. రెండుసార్లు లెక్కపెట్టడం అన్న తప్పు కూడా ఇక్కడే జరుగుతుంది. ఎదురింటివాళ్ళు పార్కులో నడిచే సుఖానికి ఒకసారి విలువ కట్టి, ఆ సుఖం కోసమే పెరిగిన అద్దెను మళ్ళీ కలిపితే ఒకే రూపాయి రెండు చోట్ల నిలబడుతుంది.

బండ్లవాళ్ళ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఐదేళ్ళకోసారైనా వాళ్ళ సర్వే చేయాలి, జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలి, పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతం సభ్యులు వాళ్ళే ఉండాలి. ఫుట్‌పాత్ బాగుచేసే పథకంలో ఖాళీ అయిన బండ్లు 'ఆక్రమణల తొలగింపు' అన్న పేరుతో సాధించిన పనుల్లో చేరిపోతాయి. పోయిన జీవనాధారం అన్న గడి ఉన్న పట్టిక నాకు ఇంతవరకు తారసపడలేదు. మా గేటు దగ్గర బొరుగులమ్మే అన్నను అడిగితే నవ్వాడు. "ఫోటో తీస్కున్న్యారు, ఆధార్ తీస్కున్న్యారు, ఫోన్ నంబర్ రాస్కున్న్యారు. యావారం ఎంత అయితాదని మాత్రం ఎవురూ అడగల్యా."

అసలు కొలవాలా, వద్దా

ఇక్కడ రెండు వర్గాలున్నాయి, ఇద్దరి మాటలోనూ పస ఉంది.

అంకె లేకపోతే పార్కు ఎప్పుడూ ఓడిపోతుందనేది ఒక వాదం. బడ్జెట్ బల్ల మీద ఫ్లైఓవర్ ఫైల్లో లాభం నిష్పత్తి 1.8 (రూపాయి పెడితే రూపాయి ఎనభై పైసల మేలు) అని ఉంటుంది, పార్కు ఫైల్లో 'ప్రజలకు ఆహ్లాదం' అని ఉంటుంది. డబ్బు ఎటు పోతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి తప్పుల తడకైనా సరే, ఒక అంకె ఉండాలి. నడక వల్ల తగ్గే మరణాలకు రూపాయల్లో విలువ కట్టే పరికరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది కూడా ఇందుకే.

అవతలివాళ్ళది హక్కుల వాదం. కూర్చోవడానికి చోటుండటం లాభసాటి అని నిరూపించుకోవాల్సిన విషయమా? డబ్బున్నవాళ్ళు ఎక్కువ ఇస్తామంటారు కాబట్టి, రూపాయల్లో కొలిస్తే పార్కులన్నీ వాళ్ళ కాలనీల్లోనే లాభసాటిగా తేలతాయి. ఇరుకు ఇళ్ళ పేటలో ఒక ఖాళీ జాగా విలువ వాళ్ళ జేబును బట్టి కాదు, వాళ్ళ ఇల్లు ఎంత ఇరుకో దాన్నిబట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2016లో సూచించిన కొలత ఈ దారిలోనే ఉంటుంది: ఇంటి నుంచి 300 మీటర్లలోపు కనీసం అర హెక్టారు నుంచి హెక్టారు పచ్చని చోటు ఉందా, లేదా. ఇందులో రూపాయి ప్రస్తావనే లేదు, దూరమూ విస్తీర్ణమూ అంతే.

నాకైతే రూపాయల అంకె మీద కన్నా గీతల పుస్తకం మీద నమ్మకం ఎక్కువ. ఒకే మొత్తంగా ముద్దచేసి చెప్పేదానికన్నా ఎవరు, ఎప్పుడు, ఎక్కణ్ణుంచి వచ్చారన్నది విడివిడిగా చెప్పే నాలుగు అంకెలు ఎక్కువ పనికొస్తాయి. కానీ ఆ పుస్తకానికీ ఒక పెద్ద లోపం ఉంది. నా శుక్రవారం లెక్క పార్కు తెరిచాక వేసింది. ముందు అక్కడ ఎవరుండేవాళ్ళో నా పుస్తకంలో లేదు. పనికి ముందు లెక్క, పని తర్వాత లెక్క, వీటితోపాటు ఏ పనీ జరగని అలాంటి ఇంకో చోట అదే రెండు రోజుల లెక్క: ఈ నాలుగూ ఉంటేనే పెద్దాయనకు జవాబు చెప్పగలం. పని తర్వాత వేయాల్సిన రెండు లెక్కలూ కొంత ఆలస్యమైనా సర్దుకోవచ్చు. పనికి ముందు వేయాల్సినవి మాత్రం చేజారితే మళ్ళీ దొరకవు. అయినా ఖాళీ జాగాను అంచనాల్లో సున్నాగా రాసుకోవడం మనకు అలవాటు. పార్కు రాకముందు అక్కడ ఏమీ లేదు, ఎవరూ లేరు అన్నట్టు.

పోయిన వారం మా పేటలో ఇంకో ఖాళీ జాగా చుట్టూ కర్రలు పాతారు, రేకులు ఇంకా కట్టలేదు. సాయంత్రం ఐదున్నరకు పుస్తకం పట్టుకుని వెళ్ళాను. మూడు వికెట్లకు బదులు ఒక ప్లాస్టిక్ కుర్చీ పెట్టుకుని పదకొండుమంది పిల్లలు ఆడుతున్నారు, అందులో ఇద్దరు ఆడపిల్లలు, ఒకామె బౌలింగ్. కానుగచెట్టు కింద నలుగురు ముసలివాళ్ళు. గోడవారన ఇస్త్రీ బండి. రెండు బర్రెలు, వాటి వెనక ఒకావిడ. గీతలు గీస్తుంటే బంతి వచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. బౌలింగ్ చేసే పిల్ల పరుగెత్తుకొచ్చి, పుస్తకం చూసి అడిగింది: "మీరు కార్పొరేషన్ వాళ్ళా సార్? రేకులు రేపే కడతారా?"